ధరకు ముందు ఇంటిపేరు

కాణిపాకం గుడి బయట దుకాణంలో కుంకుమ తవ్వి తీస్తుంటే లేచిన పొడి వాసన ముక్కుకు తగిలింది. ధర అడగాల్సిన నా నోటి నుంచి వేరే మాట వచ్చింది. "మీ ఇంటిపేరేమి పాపా?" దుకాణంలోని అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "ఇంటిపేరా? ఇనిషియలైతే ఉండాది ఆంటీ. ఉండండి, మా అవ్వనడిగొస్తా" అని వెనక గదిలోకి వెళ్ళింది. బేరమాడకుండా తాంబూలంలో వక్క కూడా తీసుకోదని మా ఆయన నన్ను ఎగతాళి చేస్తుంటాడు. ఆ పేరు నా స్వార్జితమే కానీ, ధరకు ముందు ఇంటిపేరు అడగడం మాత్రం నాగమ్మత్త నేర్పిన విద్య.

తిరుపతిలో మా నాయన ఇత్తడి సామాన్ల అంగడి పక్కనే నాగమ్మత్త పసుపు కుంకుమల అంగడి. పుట్టింటి వైపు ఆమెదీ మా ఇంటిపేరే, ఏటిగడ్డ. ఆ లెక్కన నాయనకు చెల్లెలు, నాకు మేనత్త వరస. అంగడికి వచ్చినవాళ్ళను ఆమె ముందు ఇంటిపేరు అడిగేది. వేరే ఇంటిపేరు చెబితే మగవాళ్ళు బావలు, ఆడవాళ్ళు వదినలు అయిపోయేవారు. "ఏం వదినా, మా అన్న సంపాదనంతా కొంగున కట్టుకోని నా దగ్గరా గీచి గీచి అడగతాండేది?" అంటే వదిన నవ్వేది. నవ్విందంటే ఇక ధర దిగదు. ఏటిగడ్డ అని చెప్పినవాళ్ళకు మాత్రం అసలుకే ఇచ్చి, పైన గుప్పెడు కొసరు వేసేది. "పుట్టింటోళ్ళ దగ్గర లాభమేందే!" అనేది. ఆ ఎత్తు నేనూ మా అంగడిలో వేసి, నాయన వయసు పెద్దమనిషిని బావా అని పిలిచి తిట్లు తిన్నాను. వరసతో పాటు నెరిసిన మీసం కూడా చూడాలని నాగమ్మత్త చెప్పలేదు మరి.

అప్పట్లో మా వీధిలో ఏటిగడ్డ వాళ్ళకు కొదవ లేదు. ఆ పేరుతో కేకేస్తే అంగడికొక తల బయటికొచ్చేది. ఒకరికొచ్చిన పార్సిల్ ఇంకొకరు విప్పుకునేవారు. ఆ విసుగుతోనే నాయన బడిలో నా పేరు ముందు తన పేరులోని మొదటి అక్షరం ఒక్కటే రాయించి వచ్చాడు. తమిళనాడు పక్కనే కదా, ఆ పద్ధతి మాకు కొత్త కాదు. సంగతి తెలిసి నాగమ్మత్త అంగడి మెట్టు దిగి వచ్చింది.

"ఏమన్నా, పాప ఇంటిపేరు యాడ పారేస్తివి?"

"వీధంతా అదే పేరైతే, ఉండీ ఏం లాభం నాగమ్మా?"

"నేనంటే పెండ్లయినాక ఇడిసిపెట్టినాను. మీరు మొగోళ్ళు, ఉత్తపుణ్యానికి పారేస్తాండారు. అందురికీ ఉండాదని అందురూ పారేస్తే, రేపు ఎవురికుంటాది?"

నాయన నవ్వేశాడు. వీధిలో ఒక్కొక్కరే అదే పని చేశారు. మా వాళ్ళు తగ్గిపోయిందేమీ లేదు, ఇళ్ళూ పిల్లలూ పెరిగారు. పేరు ఒక్కటే పలచబడింది. నేను పెద్దయ్యేసరికి బోర్డుల మీద పొడి అక్షరాలే మిగిలాయి. నాగమ్మత్త అంగట్లో "ఏటిగడ్డ" అని జవాబు చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. ఆమె మాత్రం అడగడం మానలేదు. బేరం కోసమే అడుగుతోందని నేను అనుకునేదాన్ని.

సత్యవేడు నుంచి నాకొక సంబంధం వచ్చింది. మోహన్, బళ్ళో లెక్కల మాస్టరు. పెళ్ళిచూపులనాడు, కూరగాయలు బేరమాడి కొంటారా అని అడిగాను. "నాకు సిగ్గండీ" అన్నాడు. "అయితే ఆ పని నేను చూసుకుంటాను" అన్నాను. అప్పుడతను నవ్విన నవ్వుకు నేను ఏ ధరైనా ఇచ్చేదాన్ని. మా వాళ్ళలో ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల బిడ్డల కింద లెక్క, పెళ్ళి కుదరదు. కానీ మా ఇద్దరి పేర్ల ముందూ ఉన్నవి తండ్రుల అక్షరాలే. అవి వేరుగా ఉన్నాయి కాబట్టి ఇళ్ళూ వేరే అనుకున్నారు మధ్యవర్తీ, ఇరువైపుల పెద్దలూ. తాంబూలాల రోజు మోహన్ వాళ్ళ నాయన వైపు అవ్వకు బొట్టు పెడుతూ నాగమ్మత్త అలవాటుగా అడిగింది. "మీ ఇంటిపేరేమి పెద్దమ్మా?"

"ఏటిగడ్డోళ్ళం తల్లీ."

నాగమ్మత్త ముఖం విప్పారింది. తప్పిపోయిన మనిషి ఎదురైనట్టు ఆ ముసలామె రెండు చేతులూ పట్టుకుంది. ఆ తర్వాతే ఆమె కళ్ళు నా వైపు తిరిగాయి. పళ్ళెంలో తాంబూలం ఎవరూ అందుకోలేదు. మోహన్ ఒకసారి తలెత్తి నన్ను చూసి, చెప్పులు వేసుకున్నాడు.

మర్నాడు నేను ఆమె అంగడికి బేరానికి వెళ్ళాను. "నువ్వడక్కపోయింటే ఎవురికీ తెలిసేది కాదు గదత్తా. ఆ అవ్వ ఏదో మరిచిపోయి చెప్పిందని నువ్వే ఒక మాట చెప్పరాదా?"

"ఆమె మరిచిపోలేదే. మరిచిపోయినోళ్ళం మనము." కాసేపు కుంకుమను అరచేత్తో చదును చేస్తూ కూర్చుంది. "చెడగొట్టల్లని అడగలేదు తల్లీ. ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేండ్లయినాదో. వినంగానే సంతోషపడితి. నీ పెండ్లి ఆ తరవాతనే గ్యాపకమొచ్చె. దానికి తిట్టు, పడతా."

తిట్టడానికే వెళ్ళినదాన్ని, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని పొట్లాలు కట్టాను.

తర్వాత నాకు వేరే ఇంటికి పెళ్ళయింది. పుట్టింటిపేరు వదులుకున్నానని బాధపడటానికి, అది నా పేరు ముందు ఉంటేగా! మోహన్ మాత్రం తన పిల్లలకు ఇంటిపేరు పూర్తిగా రాయించాడట. ఆ మాట నాగమ్మత్తకు చెబుదామంటే అప్పటికే ఆమె లేదు.

వెనక గదిలోంచి అమ్మాయి పరుగున వచ్చింది. "సింతమాకుల అంట ఆంటీ! నాకిన్నాళ్ళూ తెలీనే తెలీదు."

"అయితే నువ్వు నాకు కోడలి వరసే. కోడలి దగ్గర బేరమాడితే తప్పులేదు" అని అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని ధర దించాను. ఏటిగడ్డ అని ఉంటే, అడిగినంతా ఇచ్చేసి వచ్చేదాన్ని. ఆ నష్టం కోసమే ఎక్కడికెళ్ళినా ఇంకా అడుగుతున్నాను.