నలభై ఒక్కసారి ఆగిన ఇంజను

ఉదయం ఐదూ నలభైకి నందిగామ కాలేజీ మైదానంలో దిగాం. వాన ఆగలేదు. నల్లమట్టిలో కాలు పెడితే బూటు ఊడొచ్చేది. ఒక హెలికాప్టర్, పైలట్, ఇంజను సార్జెంటు, ఇద్దరు సిబ్బంది, నేను.

నేను తుపాకి పట్టిన దాన్ని కాదు. మా ఆయన సర్వీసులో పోయాక వైమానిక దళంలో నాకు సహాయకురాలి ఉద్యోగం ఇచ్చారు. వరద ఊళ్లవాళ్లతో తెలుగు మాట్లాడే మనిషి కావాలని నన్ను కూడా ఎక్కించారు. పుట్టింది ఈ పక్కనే, చెవిటికల్లులో. అక్కడి స్కూలు డాబా మీద పద్నాలుగు మంది చిక్కుకున్నారనీ, అందులో మా చెల్లెలు ఉందనీ దిగగానే తెలిసింది.

ఆర్డరు స్పష్టం. మునుగుతున్న గుడిసెలు ముందు. డాబాకు నీళ్లు ఇంకా నాలుగడుగుల కింద ఉన్నాయి. దాని వంతు మూడో రోజు.

ఒక్కో ట్రిప్పు ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. మైదానంలో జనం మీదపడతారని దిగిన ప్రతిసారీ ఇంజను ఆపేవారు. రెక్కలు ఆగాకే నేను అన్నం పొట్లాల బస్తాలతో దగ్గరికెళ్లాలి.

అంతకు ఆరు నెలల ముందే సార్జెంటు నాకు అక్షరాలు నేర్పాడు. ఆయనది జగ్గయ్యపేట. "రోజూ ఏదో ఒకటి రాయక్కా, లేకపోతే మర్చిపోతావ్" అనేవాడు. రెక్కలు ఆగినప్పుడల్లా నోటుబుక్కులో ఒక మాట రాశాను: ఆగింది.

మూడో రోజు పొద్దున ఏడున్నరకు నోటుబుక్కు చూపించాను.

"నీ దస్తూరి కోడి గీకినట్టుందక్కా" అని నవ్వాడు. పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. నవ్వు ఆగిపోయింది. వేలు పెట్టి లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

కాగితాలు తడుస్తున్నాయని ఫారంలో ఆయన ఇంజను తిరిగిన గంటలే రాశాడు. అవి ఆరు. ఇంజను ఎన్నిసార్లు ఆపి లేపారో తర్వాత నింపుదామని ఆ గడి వదిలేశాడు.

"గంటలు చూసుకుని ధీమాగా ఉన్నా సార్, తప్పు నాదే" అని పైలట్‌తో చెప్పాడు. ఇంజను చల్లారాక సన్నటి గొట్టానికున్న కెమెరా లోపలికి పంపాడు. ఎనిమిదిన్నరకు బయటికి తీశాడు.

"టర్బైన్ బ్లేడు మీద పగులుంది." ఇంజను లోపల తిరిగే చిన్న రెక్క అది.

"ఒక్క ట్రిప్పు లాగుతుందా?" అన్నాడు పైలట్.

"లాగొచ్చు, లాగకపోవచ్చు సార్. ఇది నికెల్ లోహం, నిప్పుల్లో పనిచేసేదే. కానీ లేపినప్పుడల్లా కాలి సాగుతది, ఆపినప్పుడల్లా ముడుచుకుంటది. ఒకసారి పగిలిందా, ఆ వేడిలో గాలి కూడా లోపలికి దూరి కొరుకుద్ది. పగులు పెరిగేకొద్దీ ఇంకా తొందరగా పెరుగుద్ది. ఎప్పుడు విరుగుద్దో నేను చెప్పలేను."

పైలట్ నా వైపు చూశాడు. చెల్లెలి సంగతి ఆయనకు తెలుసు. నోటుబుక్కు ఎందుకు చూపించానా అనిపించింది. ఒక్క క్షణమే.

"ఆపేయండి సార్. మా చెల్లెల్ని దించడానికి పోయేది, దాని నెత్తిమీదే కూలకూడదు."

ఆయన రేడియో అందుకున్నాడు. "ఇంజను పగులు. ఎగరడం లేదు. వేరే మెషీన్ పంపండి. డాబా మీద పద్నాలుగు మంది."

"రెండున్నర గంటలు పడుతుంది" అని రేడియోలో జవాబొచ్చింది.

బస్తా మీద కూర్చున్నాను. సార్జెంటు టీ తెచ్చిచ్చి పక్కనే నిలబడ్డాడు. వాన సన్నబడింది.

పదకొండూ ఇరవైకి రెండో హెలికాప్టర్ మా మీదుగా వెళ్లింది. పన్నెండుకు తిరిగొచ్చి దిగింది. పద్నాలుగో మనిషి మా చెల్లెలు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నన్ను చూడగానే అందుకుంది.

"ఇంతసేపేంటే అక్కా? ఇక్కడ కూర్చుని టీలు తాగుతున్నారా?"

చేతిలో గ్లాసు అలాగే ఉంది. సార్జెంటు గట్టిగా నవ్వాడు. ఏడుస్తూ నేనూ నవ్వాను.

ఐదో రోజు కొత్త ఇంజను బిగించి వెనక్కి వెళ్లాం. ఇప్పుడు రిటైరై నందిగామలో ఉంటున్నాను. వీధిలో ఆడవాళ్లు వరద గురించి అడుగుతారు, చెబుతాను. కళ్లు మూసుకుంటే మాత్రం వరద కనిపించదు. ఆ ఐదో రోజు బయల్దేరే ముందు సార్జెంటు కెమెరా తెర మీద ఆ బ్లేడు చూపించాడు. వెంట్రుక అంటుకుందనుకుని కొంగుతో తుడిచాను. మళ్లీ తుడిచాను. గీత పోలేదు.