కొబ్బరికాయల కొట్టులో రీలు

అమ్మకి గుండె ఆపరేషన్ అని తెలిసిన రోజు నుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. ఆవిడ ముఖం ఫిల్ము మీద తియ్యాలి. ఫోన్లో అమ్మ వీడియోలు కోకొల్లలు. కానీ హైదరాబాదులో సినిమాలకి కెమెరా అసిస్టెంటుగా పనిచేస్తూ, అలాంటివి చిటికెలో మాయమైపోవడం చూసినదాన్ని. ఫిల్మయితే అమ్మ ముఖం మీద పడ్డ వెలుగే వచ్చి దాన్ని తాకుతుంది. ఆపరేషన్ బల్ల మీద ఆవిడకేమైనా అయితే, చేత్తో పట్టుకోవడానికి నాకొకటి కావాలి. అంత పిరికిదాన్ని నేను.

ఒక షూటింగులో మిగిలిన పదహారు ఎం.ఎం. రీలు ఒక్కటే దొరికింది. పగటి వెలుగుకి చేసిన ఫిల్ము. కీ ఇచ్చి తిప్పే పాత కెమెరా అరువు తెచ్చుకున్నాను. మా ఊరు కొత్తపేటలో ఇంటికి రాగానే రీలు డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టి, వాడేముందు ఒక రాత్రంతా బయట ఉంచాను. మా ఊరి ఉక్కలో చల్లటి డబ్బా మూత తీస్తే ఫిల్ముకి చెమ్మ పట్టేస్తుంది.

ఆసుపత్రికి బయల్దేరే రోజు మధ్యాహ్నం అమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, ముఖానికి ఇంత పౌడరు దట్టించుకుని కిటికీ పక్కన కూర్చుంది.

"ఫొటోల్లో ఎప్పుడూ నల్లగానే పడతానే, ఇంకాస్త రాసుకోనా?" అంది.

కడిగించాను. ముప్పై ఏళ్లు పిల్లల్ని బెదిరించిన టీచరు, నోరెత్తకుండా వెళ్లి కడుక్కొచ్చింది. వెలుగుని తెల్లచీరకి కొలిస్తే ముఖం చీకటైపోతుంది. మీటరు అమ్మ చెంప దగ్గరే పెట్టి కొలిచాను. చీర సున్నం కొట్టినట్టు వస్తే రానీ అనుకున్నాను.

రీలు దాదాపు అయిపోవస్తుండగా కెమెరా లోపల ఎండుటాకులు నలిగినట్టు చప్పుడైంది. ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫిల్ము లోపల ఇరుక్కుంది. వెలుగులో మూత తీశానా, అప్పటిదాకా తీసిన అమ్మ ముఖం అక్కడికక్కడే పోతుంది. చేతులు దూర్చి చీకట్లో పని చేసుకునే నల్లసంచి హైదరాబాదులోనే మర్చిపోయి వచ్చాను.

మా ఇంట్లో కిటికీ లేని గది పెరట్లోని కొబ్బరికాయల కొట్టొక్కటే. తలుపు గడియ వదులు, కింద వేలు పట్టేంత సందు. సందులో గోనెసంచులు కుక్కి, తలుపుకి ధాన్యం ఆరబోసే మందపాటి బరకం అడ్డం కట్టాను. అది జారిపోకుండా లోపల నుంచి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అమ్మ తప్ప ఇంట్లో ఎవరూ లేరు.

ఆ చీకట్లో కన్ను పొడుచుకున్నా కనపడదు. కెమెరా మూత తీసి వేళ్లతో తడిమాను. ఫిల్ము మడతలు పడి పళ్లచక్రానికి చుట్టుకుపోయింది. లాగితే చిరుగుతుంది. చెమట బొట్టు పడితే మరక. అంచులు మాత్రమే పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కో మడతా విప్పుతున్నాను.

అప్పుడే పెరట్లో చెప్పుల చప్పుడు. కాకినాడ ఆసుపత్రికి మమ్మల్ని తీసుకెళ్లడానికి బాబాయ్ వచ్చేశాడు.

"వదినగారూ, కారొచ్చేసిందండీ. కొట్లో ఉన్నారాండీ?" అంటూ తలుపు మీద చెయ్యి వేశాడు. గడియ కదిలింది. నేను ఫిల్ముకి అడ్డంగా వంగాను.

"ఆయ్, ఇటు రాకండి. చీర మార్చుకుంటన్నానండీ," అంది అమ్మ, ఏ తొట్రుపాటూ లేకుండా.

కొబ్బరికాయల కొట్టులో చీర మార్చుకోవడమేమిటని అడిగే మనిషి కాదు బాబాయ్. "ఆయ్, అలాగేనండీ," అని నాలుగడుగులు వెనక్కి వెళ్లినట్టు వినిపించింది.

నాకు నవ్వొచ్చింది. అమ్మ కూడా నవ్వుతుందనుకున్నాను.

"భయంగా ఉందే," అంది.

ఆపరేషన్ మాట వచ్చినప్పటి నుంచి ఆవిడ నోట ఆ మాట రాలేదు. అందరికీ తనే ధైర్యం చెప్పింది. పాస్టరుగారు ప్రార్థనకి వస్తే ఆయనకి టీ కూడా తనే పెట్టింది. చీకట్లో తన ముఖం నాకు కనపడదు కాబట్టి అంది కాబోలు.

"మత్తు ఇచ్చాక మెలకువ రాకపోతే మనకి తెలియను కూడా తెలియదు కదా," అంది.

ఏమీ కాదమ్మా అనాలి. కానీ నాకూ అదే భయం, నెల రోజులుగా అదే. నా రెండు చేతుల్లోనూ ఫిల్ముంది. మోచెయ్యి పట్టుకోమన్నాను. ఆవిడ తడుముకుంటూ పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, వణుకుతోంది. ఆ వణుకు నా వేళ్లలోకి వచ్చి చీకట్లో ఫిల్ము సన్నగా గలగలమంది.

ఆఖరి మడత విడిపోయింది. చుట్ట చుట్టి, నల్లకాగితంలో పెట్టి, డబ్బాలో దించి, మూత బిగించి చుట్టూ టేపు వేశాను.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా. ఇంక తలుపు తియ్యొచ్చు."

ఆవిడ బరకం వదల్లేదు. నా మోచెయ్యీ వదల్లేదు.

"టైమైపోతందండీ," అన్నాడు బాబాయ్ బయట నుంచి.

"కాలేదని చెప్పు," అంది అమ్మ నా చెవి దగ్గర.

డబ్బాని ఒళ్లో పెట్టుకుని, ఆవిడ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"ఇంకా కాలేదు బాబాయ్," అన్నాను గట్టిగా.