సునామీ డ్రైవర్ సన్యాసిరావు

పోర్ట్ బ్లెయిర్ దగ్గర మా ఆస్టినాబాద్‌లో సన్యాసిరావు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. సునామీ డ్రైవర్ ఇల్లంటే మాత్రం కిళ్ళీకొట్టువాడు కూడా లేచొచ్చి చూపిస్తాడు. నాకు వరసకి మావ. ఆయన నడిపిన రంగత్ బస్సుకి నేనే కండక్టర్ని. అందుకే ఆ పేరు ఆయనకేం ఇచ్చిందో, ఆయన దగ్గర ఏం తీసుకుందో నాకు బాగా తెలుసు.

సునామీ వచ్చిన వారం నికోబార్ నుంచి ఓడల్లో జనం దిగుతూనే ఉన్నారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు. హాడో జెట్టీ నుంచి వాళ్ళని క్యాంపులకు చేర్చడానికి బస్సులు కావాల్సొచ్చాయి. మా బస్సుకి అప్పట్లో ఇద్దరు డ్రైవర్లు, రోజు విడిచి రోజు డ్యూటీ. రెండో డ్రైవర్ గవరయ్యకి సిప్పీఘాట్‌లో పొలం ఉండేది. సముద్రం వచ్చి ఆ పొలంలో కూర్చుంది, మళ్ళీ లేవలేదు. గవరయ్య పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని శ్రీకాకుళం పోదామని ఓడెక్కేశాడు. ఆ వారమంతా మావ ఒక్కడే నడిపాడు. ఓడ ఎప్పుడొస్తే అప్పుడు లేచాడు, స్టీరింగ్ మీద తల పెట్టుకుని కునికాడు. అది గొప్ప పనే, నేను కాదనను. తెలుగు సంఘం వాళ్ళు సునామీ డ్రైవర్ అని పేరు పెట్టి శాలువా కప్పారు. "నాకు నిద్రతో పని నేదురా" అని మావ కూడా నమ్మేశాడు.

ఓడల్లో దిగే జనం తగ్గారు. మా ఓనరు దేవేంద్ర మాత్రం తగ్గలేదు. ఒక్క డ్రైవర్‌తో బస్సు నడుస్తుందని ఆయనకి ఆ వారమే తెలిసింది. రెండో డ్రైవర్ సంగతి ఎత్తినప్పుడల్లా, "అరె, సన్యాసిరావు భయ్యా ఉండగా ఇంకొకడెందుకు? సునామీలోనే నిద్రపోని మనిషి!" అని వీపు తట్టేవాడు. మావ ఆ తట్టుడికే మురిసిపోయేవాడు. చూసి నాకు ఒళ్ళు మండేది. మావ కోసం ఇంటికి ఎవరొచ్చినా, ఆయన పెళ్ళాం చిన్నమ్మి అత్త చెప్పే మాట ఒక్కటే: "డ్యూటీకెల్లారు."

రంగత్ దారి తెలియనివాళ్ళకి కాన్వాయ్ సంగతి చెప్పాలి. తెల్లారకముందే జిర్కాటాంగ్ గేటు దగ్గర బస్సులూ లారీలూ వరసగా నిలబడతాయి. గేటెత్తగానే ముందూ వెనకా పోలీసు జీపులతో జరావా ఆదివాసులుండే అడవిలోకి బయల్దేరతాయి. ముందు బండిని దాటకూడదు, ఎక్కడా ఆగకూడదు. దీన్ని మా డ్రైవర్లు తోక పట్టుకోవడం అంటారు. ముందు బండి ఎర్రలైటు మీద కళ్ళు పెడితే చాలు, మిగతాదంతా అదే అయిపోతుంది. అందులోనే ఉంది ప్రమాదం. అందుకే నేను ఇంజను పక్క సీట్లో కూర్చుని, బస్సుని పడవెక్కించే మిడిల్ స్ట్రెయిట్ రేవు వచ్చేదాకా, మావ కునక్కుండా వాగుతూనే ఉండేవాణ్ణి. అత్త చేసిన చేపల పులుసులో ఉప్పు దగ్గర్నుంచి దేవేంద్ర పొట్ట దాకా ఏదో ఒకటి. అది నా టిక్కెట్ల పనికంటే పెద్ద పని.

సునామీ అయిన రెండో ఏడు, వానాకాలం. ఆ పొద్దున వెనక సీట్లో ఒకామెకి వాంతులయ్యాయి. ప్లాస్టిక్ కవరు పట్టుకుని నేను వెనక్కి వెళ్ళాను. ఆమెకి నీళ్ళిస్తుంటే బస్సు ఒక్కసారిగా ఎగిరిపడింది. తారు రోడ్డు చప్పుడు పోయి టైర్ల కింద బురద చప్పుడు మొదలైంది. తలెత్తి చూస్తే ఎదర రోడ్డు లేదు. నీలం టార్పాలిన్ గుడిసెలున్నాయి.

"మావా!" అని అరిచాను. బ్రేకు పడింది. బస్సు జారి, ఒక పొయ్యి ముందు ఆగింది. పొయ్యి దగ్గర ఒకావిడ రొట్టెలు కాలుస్తోంది. మా లైట్లు ఆమె మొహం మీద పడుతున్నాయి. ఆమె అరవలేదు. పెనం తీసి పక్కన పెట్టి, వెనక గుడిసెలోకి దూరి, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని బయటికొచ్చింది.

"ఏటి నాగబాబూ, ఈడికెలా వొచ్చాం?" అన్నాడు మావ.

జరిగింది ఇదీ. మా ముందున్నది రోడ్డు పనివాళ్ళ కంకర లారీ. ఆ గుడిసెలు వాళ్ళ క్యాంపే. అక్కడికే కంకర తెచ్చింది, అందుకని మలుపు తిరిగింది. మావ దాని తోక పట్టుకుని తిరిగాడు. ఇంకా విడ్డూరం, మా వెనక వస్తున్న కూరగాయల వ్యాను మా తోక పట్టుకుని వచ్చేసింది. దాని డ్రైవర్ రేవు వచ్చిందనుకుని కిందికి దిగి, "యే కౌన్సా జెట్టీ భాయ్?" అని మమ్మల్నే అడిగాడు. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేవాణ్ణి.

వెనక పోలీసు జీపు వాళ్ళు మమ్మల్ని మళ్ళీ రోడ్డెక్కించారు. మర్నాడు ముగ్గురు డ్రైవర్లనీ పోర్ట్ బ్లెయిర్ స్టేషనుకి రమ్మన్నారు.

ఆ సాయంత్రం షెడ్డులో దేవేంద్ర మావని పక్కకి పిలిచాడు. నేనూ వెళ్ళాను. "చూడు భయ్యా, లారీవాడు ఇండికేటర్ వెయ్యలేదు, వానలో మోసపోయానని చెప్పు. నిద్రన్నావో, నీ లైసెన్సూ పోతుంది, సునామీ పేరూ పోతుంది. మన బస్సుకి కాన్వాయ్‌లో చోటు కూడా పోవచ్చు."

లారీవాడి పేరు జోగులు. తుష్నాబాద్ మనిషి, మా తెలుగువాడే. తన క్యాంపుకి తను వెళ్ళినవాడు. మావ అలా చెబితే అతని ఉద్యోగం ఆ పూటే పోతుంది. మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. ఎల్లుండి ఆస్టినాబాద్‌లో ఎవరి మొహం ఎలా చూస్తాడా అని ఆలోచిస్తున్నాడని నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ బస్సు నడిపి సంపాదించింది ఆ పేరొక్కటే. దాన్ని నిలబెట్టుకుంటాడేమోనని నాకు భయమేసింది.

స్టేషన్లో జోగులు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తప్పు తన మీదకి తోస్తారని అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, ఏడుపు మొహం పెట్టుకుని మావకేసే చూస్తున్నాడు. ఆఫీసరు మావని అడిగాడు, "లారీవాడు ఇండికేటర్ వేశాడా?"

"మాలూమ్ నహీ సాబ్," అన్నాడు మావ. "నాను చూడనేదు."

"ఎందుకు చూడలేదు?"

మావ జోగులుకేసి ఒకసారి చూశాడు. తర్వాత ఆఫీసరుకేసి తిరిగి, "సో గయా థా సాబ్. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, నాను నిద్దట్లో ఉన్నాను," అన్నాడు.

ఆఫీసరు కాగితం మీంచి తలెత్తాడు. "నువ్వు ఆ సునామీ డ్రైవర్వి కదూ? నిద్రే పోవంటారు?"

"అప్పట్నుంచే నిద్ర నేదు సాబ్," అన్నాడు మావ. అంత పెద్దమనిషి చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వ్యాను డ్రైవర్ అడక్కుండానే ముందుకొచ్చి, "మై భీ సోయా థా సాబ్," అన్నాడు.

మావ లైసెన్సు కొన్నాళ్ళు ఆపేశారు. జోగులు మర్నాడే డ్యూటీ ఎక్కాడు. బస్సుకి ఇద్దరు డ్రైవర్లుంటేనే గేటు దాటనిస్తామని అధికారులు అనేసరికి దేవేంద్రకి ఆ వారంలోనే ఇద్దరు దొరికారు. అన్నాళ్ళూ దొరకనివాళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో నేను అడగలేదు. అడిగితే కొట్టేవాణ్ణి.

మొదటి ఆదివారం మావని చూడ్డానికి వెళ్ళాను. నాకంటే ముందే సంఘం పెద్దమనుషులు గుమ్మంలో ఉన్నారు, పరామర్శకో, వేళాకోళానికో తెలియదు. చిన్నమ్మి అత్త తలుపుకి అడ్డంగా నిలబడింది. లోపల్నుంచి గుర్రు వినిపిస్తోంది.

"పడుకున్నారు," అంది అత్త, వీధంతా వినేలా. "లెగిశాక రండి."