తన సరుకుకే వంకలు చెప్పినవాడు

నంద్యాలలో పాత సామాన్ల అంగడి సాయిబు పోయి పది రోజులైంది. టీ బంకు దగ్గర ఆ మాట విన్నప్పుడు నేను నమ్మలేదు. ఆయన గురించి ఎవరేం చెప్పినా నమ్మకపోవడం నాకు అలవాటు. అంగడి దాకా పోయి, మూసిన తలుపులు చూశాకే నమ్మాను.

ఇరవై ఏండ్లు ఆ మనిషిని అనుమానంతోనే చూశాను. కారణం ఒకటే. అడగకముందే తన సరుకులో లోపం తనే చెప్పేవాడు. పోయిన వేసవిలో కొత్త ఇంటికి పాతకాలపు అద్దం బీరువా కావాలని పోతే, నేను చెయ్యి వేయకముందే మొదలుపెట్టాడు.

"తలుపులు పాత టేకన్నా. ఎనక పలక నేనేసింది. అద్దం గూడా కొత్తదే."

"నీ సరుకును నువ్వే తిట్టుకుంటాండావ్, ఏందీ కత?"

"ఇంటికి పోయినాంక నువ్వు తిట్టేదానికంటే మేలు గదా."

ఏ వ్యాపారి ఇట్లా చెప్తాడు? చిన్న వంక చూపించి పెద్దది దాస్తున్నాడనుకున్నాను. సొరుగులు లాగి వాసన చూశాను, కొట్టి చూశాను, వంగి కింద చూశాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

ఆళ్లగడ్డలో ఇంకొకాయన దగ్గర కొన్నాను. నూరేండ్ల బీరువా అని ఆయన బిడ్డల మీద ఒట్టేశాడు. ఒట్టును నమ్మాను.

హాల్లో పెట్టి, రెండు పక్కలా ఇత్తడి ఏనుగులు నిలబెట్టి, సాయిబును పనిగట్టుకుని పిలిచాను. ఆయన సొరుగు లాగి, లోపల వేలితో తడిమి, మెల్లగా మూశాడు.

"ఏం భాయ్, నోరు పడిపోయిందా? దీనికి వంకలు చెప్పవా?"

"నా అంగట్లో దానికైతే చెప్తా. పిల్చి టీ ఇచ్చినోళ్ల ఇంట్లో చెప్పనన్నా."

కుళ్లు అనుకున్నాను. పోతూ పోతూ నా భార్యతో మాత్రం, "తడిగుడ్డ పెట్టొద్దు వదినా, పొడిగుడ్డతోనే తుడువు" అన్నాడు. ఆమె ఆ మాట తప్పలేదు.

సాయిబు పోయాక వాళ్లింటికి పలకరింపుకు పోయి వచ్చిన రోజు ఆ తడిగుడ్డ మాట గుర్తొచ్చింది. అట్లా ఎందుకన్నాడు? గుడ్డ తడిపాను.

"ఆయప్ప వద్దన్యాడు గదా!" అని ఆమె అడ్డం వచ్చింది.

బీరువాను రుద్దాను. గుడ్డకు టీ డికాషను రంగు అంటింది. కింద తెల్లగా కొత్త చెక్క. సాయిబుకు మొదటి రోజే తెలుసు. ఏడాది పాటు వచ్చినోళ్లందరి ముందూ నేను గొప్పలు పోయాను, నా పరువు మాత్రం ఆయన కాపాడాడు. నా భార్య గుడ్డ తీసుకుపోయి పిండింది.

నిన్న అంగడి తెరిచారంటే పోయాను. ఆయన కొడుక్కు నలభై దాటాయి. గోస్పాడు నుంచి వచ్చిన ఒకాయనకు వాలుకుర్చీ చూపిస్తున్నాడు.

"ఒక కాలు మార్చినామన్నా" అంటున్నాడు. గోస్పాడు ఆయన కళ్లు చిన్నవి చేశాడు. నేను ఆగలేకపోయాను.

"తీసుకోప్పా. ఈ అంగట్లో అబద్ధం లేదు."

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "వీళ్లకు నువ్వేమైతావు పెద్దాయనా?"

"ఏం గాను."

"గాకపోతే నీకెందుకు అంత?" అంటూ కుర్చీని తలకిందులు చేసి, ముందర మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే గోటితో గీకడం మొదలుపెట్టాడు.