మూలన కూర్చున్న మూట

నా చిన్నప్పుడు మా అమ్మ నీలం దుప్పటిలో ఒక మూట కట్టింది, ఏడాది దాకా విప్పలేదు. రాసుకుంటున్నావా బుజ్జీ? ఈ అమ్మమ్మ మెల్లగానే చెప్తుందిలే.

మాది ఏన్కూరు అవతల, అడవి అంచున చిన్న పల్లె. నాన్నకు ఖమ్మంలో ఆఫీసు నౌకరీ దొరికితే అందరం వచ్చేశాం. ఒకే వాకిలి చుట్టూ నాలుగు కిరాయి ఇళ్లు, అందులో ఒక గది మాది. పల్లెలో కట్టెలు, చింతపండు, విస్తరాకులు అన్నీ అడవే ఇచ్చేది. ఇక్కడ ప్రతిదానికీ డబ్బు తియ్యాలి. నాన్న జీతం నెల సగానికే నీరసించిపోయేది.

“పండ్లు తోముకునే పుల్ల సుత కొనాల్నంట! గిదేం ఊరయ్యా? పిల్లను తీస్కొని నేను పోత. నువ్వుండు నీ నౌకరీతోని” అనేది అమ్మ.

“వచ్చే నెల సూద్దాం తియ్యి” అనేవాడు నాన్న.

నాకు పోవాలని లేదు. నాన్న ఒక్కడే ఈ గదిలో ఎలా ఉంటాడు? పైగా బడిలో కిటికీ పక్కన చోటు నాకు అప్పుడే దొరికింది.

ఎలాగూ పోయేదే కదా అని అమ్మ ఆ మూట విప్పలేదు. మంచి సామానంతా అందులోనే ఉండేది. మేం మాత్రం ఒట్టి చాప మీద పడుకుని, రెండు గిన్నెలతో సరిపెట్టుకునేవాళ్లం. మధ్యాహ్నం పూట తెర లేని కిటికీలోంచి ఎండ వచ్చి ఆ నీలం దుప్పటి మూట మీద పడేది. అందులోని ఇప్పపూల వాసన గదంతా కమ్ముకునేది. సగం నిద్రలో చూస్తే అది మూటలా ఉండేది కాదు. ఎవరో ముసలమ్మ ముడుచుకుని కూర్చుని బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుండేది.

పక్కింట్లో ఒకామె ఉండేది, అందరం ఖాలా అనేవాళ్లం, ఉర్దూలో పిన్ని అన్నమాట. వాళ్లు పరుపులు కుట్టేవాళ్లు. ఖాలా జుట్టులో ఎప్పుడూ దూది పింజలే, మబ్బులోంచి నడిచొచ్చినట్టు. ఒకరోజు ఆమె గుమ్మంలో నిలబడింది.

“బేటీ, నీ తాన జల్లెడ ఉందా? పిండి జల్లించాలె. జల్దీ ఇయ్యి.”

అడిగితే లేదనలేక అమ్మ మూట ముడి వదులు చేసి జల్లెడ తీసిచ్చింది. ఖాలా సాయంత్రం తిరిగి తెచ్చింది కానీ మూటలో పెట్టలేదు, మా గోడ మేకుకు తగిలించింది. నాలుగు రోజులకు చుట్టాలొచ్చారని బొంత అడిగింది. తిరిగి తెచ్చి మా చాప మీద పరిచి, “పిల్ల ఈపు సల్లబడ్తది, గిట్ల ఉండనియ్యి” అంది. ఇంకోరోజు ఎదురింటి పంతులమ్మకని పెద్ద గిన్నె తీసుకెళ్లింది. దాని బదులు పంతులమ్మ రోలు మా గుమ్మంలోకి వచ్చింది. జల్లెడ మళ్లీ బయలుదేరి నాలుగిళ్లూ తిరిగింది. పప్పు రెండిళ్లకు ఒకే పొయ్యి మీద ఉడకడం మొదలైంది, కట్టెలు సగం మిగిలాయి. ఇలా సామానంతా ఒక్కొక్కటే బయటికొచ్చి మూలనున్న ముసలమ్మ రోజురోజుకూ చిక్కిపోయింది. అమ్మ గమనించలేదు. నేను గమనించినా నోరు మెదపలేదు.

నెలాఖరులో ఓ ఆదివారం అమ్మకు కోపమొచ్చింది. “ఇయ్యాల్నే పోత” అని మూట ఎత్తింది. చేతికి ఒట్టి దుప్పటి వచ్చింది.

“ఖాలా! నా సామాన్లేవి?”

“పెద్ద గిన్నె పంతులమ్మ ఇంట్ల ఉంది. ఆమె రోలు మీ ఇంట్ల ఉంది. ఫస్టు గా రోలు ఇచ్చిరా, తర్వాత పోదువు. నా పప్పు సుత నీ పొయ్యి మీదనే ఉంది. ఉడికినంక పో!”

అమ్మ రోలు వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది, గుమ్మంలోనే కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. సాయంత్రానికి ఆ నీలం దుప్పటి మా కిటికీకి తెరయింది. గాలికి అది లేచినప్పుడల్లా గది నీళ్లలో తేలుతున్నట్టు ఉండేది.

జీతం పెరగలేదు బుజ్జీ, ధరలు తగ్గలేదు. సరిపోయిందా అంటే ఆ జీతం ఒక్క ఇంటికి ఎప్పుడూ సరిపోలేదు. కానీ మేం నాన్నను వదిలి పోలేదు. చాలా ఏళ్లకు ఖాలా వంటింట్లోకి వెళ్తే గోడకు రెండు జల్లెడలు కనిపించాయి. రెండూ ఆమె పాతవే, నేను పుట్టకముందువి. మరి ఆ రోజు మా జల్లెడ ఎందుకు అడిగినట్టు అని ఆమె వైపు చూశాను. ఆమె జుట్టులోంచి జారిన దూది పింజను ఊదేసి, “ఏంది సూస్తున్నవ్? చాయ్ తాగు” అంది.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా మొదటి రోజే నా సంచి విప్పేస్తాను.

నువ్వేమో హైదరాబాదు ఖర్చులు తట్టుకోలేం, వెళ్లిపోతాం అంటూ రెండేళ్లుగా ఆ అట్టపెట్టెల టేపు కూడా తియ్యలేదు. అందులో ఇడ్లీ పాత్ర ఉందన్నావు కదూ? పక్క ఫ్లాటామె పొద్దున అడిగింది. ఏమో, అడిగినట్టే గుర్తు.

రాసింది చాలు. లేచి కత్తెర తీసుకురా.