మేస్త్రి జేబులో రసమట్టం

మేస్త్రి కంటికి లోకంలో ఏదీ తిన్నగా ఆనదు. జానెడు రసమట్టం జేబులో వేసుకుని తిరుగుతూ, కనిపించిన ప్రతిదాని మీదా పెట్టి, గాజుగొట్టంలో బుడగ కాస్త పక్కకి జరిగితే చాలు, "వంకర" అని తీర్పు చెప్పేస్తాడు. పిల్లనిచ్చిన మామగారి మంచాన్ని కూడా వదల్లేదు మహానుభావుడు.

ఆ తీర్పుకి అందరికన్నా ఎక్కువ బలైనవాడు బావమరిది. పన్నెండేళ్ళుగా బావ దగ్గరే తాపీ పని. గోడలెన్ని పూసినా, చేరిన ఏడాది పూసిన ఒక్కటి తప్ప సీలింగ్ మాత్రం మళ్ళీ దక్కలేదు. పరంజా ఎక్కబోతే చాలు, "నీ చెయ్యి వంకర, దిగు" అని మేస్త్రి తనే ఎక్కేవాడు. పనివాళ్ళు కిసుక్కుమనేవారు. వాడికి ఒళ్ళు మండేది. ఈసారి కడుతున్న ఇంట్లో పెద్ద హాలు సీలింగ్ ఇవ్వకపోతే వేరే మేస్త్రి దగ్గరికి పోతానని అక్కకి చెప్పేశాడు కూడా.

తీరా ఆ హాల్లోనే, పరంజా మీద తల పైకెత్తిన మేస్త్రి ఉన్నట్టుండి తూలాడు. బావమరిది ఒక్క ఉదుటున పైకెక్కాడు. రెక్క పట్టుకుని దించితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన నేల మీద రసమట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. నేల తిన్నగానే ఉంది, తూలింది మనిషే.

బావమరిది ఆయన్ని ఆస్పత్రికి లాక్కెళ్ళాడు. డాక్టరమ్మ బీపీ చూసింది, చెవులు చూసింది, మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయనీ, ఏళ్ళ తరబడి పైకి చూసి చూసి మెడ పట్టేసిందనీ, ఆ నొప్పితోనే తల తిరుగుతోందనీ, వ్యాయామాలతో తగ్గుతుందనీ చెప్పింది. మేస్త్రి వింటూనే ఆమె బల్లకాలి కింద కాగితం మడతపెట్టి దోపాడు.

"తెలుసమ్మా, మావాడికీ ఇంతే" అన్నాడు.

"నాకా?" అన్నాడు బావమరిది.

"నా దగ్గర చేరిన ఏడాదే పరంజా మీద మెడ పట్టుకుని తూలావు. నా చొక్కా దొరికింది గనక ఆగావు. ఎండదెబ్బన్నావు. అప్పట్నించీ నిన్ను పైకి చూడనిచ్చానా?"

"మరి నా చెయ్యి వంకరన్నావుగా బావా."

"చెయ్యి వంకరంటే నవ్వి ఊరుకుంటార్రా. మెడ బాలేదంటే ఎవడూ పనికి పిలవడు. ఆ రోజు నువ్వు పూసిన సీలింగ్ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు."

పన్నెండేళ్ళ కోపాన్ని ఎక్కడ దాచుకోవాలో వాడికి తెలియలేదు. డాక్టరమ్మ వాడి మెడ కూడా చూసి, ఇద్దరికీ వ్యాయామాలు నేర్పి, కొన్నాళ్ళు తలెత్తే పని వద్దంది.

హాలు సీలింగ్ ఇంకో పనివాడు పూశాడు. బావ తలెత్తకుండా చూడాలని బావమరిది తన ఇంట్లోంచి నిలువుటద్దం మోసుకొచ్చి నేల మీద పడుకోబెట్టాడు. ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చుని అందులో సీలింగ్ చూశారు. మేస్త్రి నోరు తెరవకముందే బావమరిది ఆయన జేబులోంచి రసమట్టం లాగి, అద్దం మీద పెట్టి, సరిగ్గా నడుమ నిలబడిన బుడగకేసి చూశాడు.

"వంకర" అన్నాడు.