టీవీలో నేను చూసిన మబ్బులు

"ఏమ్మాయ్, డిగ్రీ చదివావుగా, టీవీ వార్తల్లో ఆవిడేమంటుందో మాక్కాస్త చెప్పు" అని దానియేలు మావయ్య అడిగాడు. మొన్న మంగళవారం నా గండం అక్కడే మొదలైంది.

మా ఊళ్ళో టీవీ ఉన్నది సుబ్బారావు బాబాయి ఇంట్లోనే. రోజూ వరండాలో పెడతాడు, ఊరంతా వాకిట్లో కూర్చుంటుంది. రాత్రి వార్తలేమో హిందీలో. నాది స్కూల్లో పాస్ మార్కుల హిందీ. తెలీదంటే డిగ్రీ పరువు పోతుందిగా. ఎవరో రిబ్బన్ కట్ చేస్తే "ప్రారంభోత్సవం" అన్నాను. ఎవరో విమానం దిగితే "ఢిల్లీ వచ్చారు" అన్నాను. బాగానే నడిచింది.

చివర్లో దేశం మ్యాప్ వచ్చింది.

"వానేమైనా ఉందా తల్లీ?" మావయ్య గొంతు మారింది. కౌలు చేలో పండిన మిరపకాయంతా కల్లంలో ఎండబోసున్నాడు. తడిస్తే బూజు పట్టి ఏడాది కష్టం పోతుంది.

మ్యాప్‌లో మన వైపంతా తెల్లటి మచ్చలు.

"ఉంది మావయ్యా. మన మీద ఒకటే మబ్బులు."

టీవీ ముందు ఒక్కరు మిగల్లేదు. ఆకాశంలో వెన్నెల కాస్తుంటే, ఊరంతా తుమ్ముకుంటూ కాయని కుప్పలు చేసి పట్టాలు కప్పింది. నేనూ తుమ్మాను.

తిరిగొచ్చి చూస్తే, వార్తలయ్యాక టీవీలో పాట పాడుతున్న ఆవిడ మొహం మీద కూడా ఆ మబ్బులే ఉన్నాయి. డాబా మీంచి బాబాయి అరుస్తున్నాడు. "గాలికి యాంటెన్నా తిరిగిపోయిందమ్మాయ్. ఇప్పుడు బొమ్మ బాగుందా?"

బాగుంది. మచ్చలు పోయాయి. నా ప్రాణం కూడా పోయినట్టే అయింది.

పొద్దున్నే మావయ్యకి ఏ మొహం పెట్టుకుని కనపడాలా అని నిద్ర పట్టలేదు. తెల్లారగట్ల రేకుల మీద టపటపా మొదలైంది. యాంటెన్నాని తిప్పిన గాలే వానని కూడా తెచ్చింది.

మావయ్య తువ్వాల్లో ఎండుకాయలు మూటగట్టుకుని వచ్చాడు. "ఒక్క కాయ తడవలేదమ్మా. ఆదివారం చర్చిలో నీ పేరున ప్రార్థన చేయిస్తున్నా."

ఉద్యోగం వచ్చిందా అని కాకుండా నన్నొకరు ఇంకో మాటతో పలకరించడం డిగ్రీ అయ్యాక ఇదే మొదలు. కళ్ళు తడిశాయి. ఆ గాలికి మనసులో ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

ఇప్పుడు రేపు కాయ ఎండబోయొచ్చో లేదో నన్నడగడానికి పక్కూరి రైతులు కూడా టీవీ దగ్గరికి వస్తారట. బాబాయేమో యాంటెన్నాని ఇనప తీగతో కదలకుండా కట్టేశాడు. ఇక బొమ్మలో మచ్చ రాదు. నన్నేం చెయ్యమంటారు?